భూమి నడిగిన ఆచార్యుడు
(వినోబా జీవితము – నేటి సమాజమునకు ఆయన బోధ)

మోత్కూరు నుండి పడమటి దిక్కుగా కాలినడకను బయలుదేరిన బాటసారి రెండు మూడు దినములకు పోచంపల్లి చేరగలడు. బస్సులెక్కి తిరుగు మనకు ఈ దూరము దూరముగా తోచదు. కాని 1951వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఈ మెట్టసీమ బాటలు చాల పొడవైనవిగా నుండెను. పగలు పోలీసుల భయము; రాత్రి సాయుధ దళముల భయము. చీకటి పడిన పిమ్మట ఎవరు తలుపు తట్టినను ఇంటివారి గుండె ఝల్లుమనెడి దినములవి. అట్టి దినములలో మోకాళ్ల వఱకు ఖద్దరు కట్టి, గడ్డము పెంచిన బక్కపలుచని మనుష్యుడొకడు రక్షకభటుల తోడు వలదని చెప్పి, ఊరూరు నడచుచు వచ్చెను. ఆయన చేతిలో ఆయుధము లేదు. వద్ద ధనము లేదు. వెనుక ప్రభుత్వపు టుత్తరువు లేదు. ఉన్నదెల్ల గీత చదివిన మనస్సు, అలసట యెఱుగని కాళ్లు. ఆయనయే ఆచార్య వినోబా భావే.

ఆయన కన్నుమూసి నలుబది సంవత్సరములు దాటినవి. పాఠ్యపుస్తకములలో ఆయన పేరు భూదానోద్యమ మను ఒక్క మాటతో ముగియుచున్నది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా ఆయన మిగిలెను. ఈ జిల్లాలో పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇది చాలదు. ఏలయనగా ఆయన జీవితములోని అతి ముఖ్యమైన దినము మన పొరుగూర గడచినది. ఆ దినమున జరిగినదేమి, దాని వెనుక నున్న భావమేమి, అది గెలిచినదా ఓడినదా, నేటి సమాజమునకు దానితో పనియేమి అని విద్యార్థి యడిగినయెడల మనము సూటిగా చెప్పగలుగవలెను.

లక్ష బియ్యపు గింజలు

వినోబా అసలు పేరు వినాయక నరహరి భావే. 1895 సెప్టెంబరు 11వ తేదీన మహారాష్ట్రములోని నేటి రాయగఢ్ జిల్లా గాగోదె గ్రామమున జన్మించెను. తండ్రి నరహరి రావు విజ్ఞానశాస్త్రముల యందు, లెక్కల యందు ఆసక్తి గలవాడు. తల్లి రుక్మిణీబాయి అధికముగా చదువుకొనినది కాదు. కాని సాధుసంతుల పదములు ఆమె నోట నిత్యము నాడుచుండెను. ఈ యిద్దఱి గుణములును కుమారునిలో కలిసినవి. ఆయన భక్తునివలె ప్రార్థించెను, గణితవేత్తవలె ఆలోచించెను.

ఈ కలయికను తెలుపు చిన్న సంఘటన యొకటి కలదు. తల్లి యొకమాఱు దేవునకు లక్ష బియ్యపు గింజలు సమర్పింతునని వ్రతము పట్టి, దినమునకు కొన్నిగా లెక్కించుచుండెను. తండ్రి చూచి, ఒక తులము బియ్యము తూచి, అందలి గింజల నెన్ని, ఆ లెక్కను హెచ్చవేసిన సరిపోవును గదా యని చెప్పెను. ఆమెకు బదులు తోచలేదు. సాయంకాలము కుమారు నడిగెను. గింజలు లెక్కించుట గణితము కొఱకు కాదనియు, ఒక్కొక్క గింజతో దేవుని స్మరించుటయే అందలి ప్రయోజనమనియు బాలుడు చెప్పెను. గణితములో తండ్రి తప్పు లేదు, భక్తిలో తల్లి తప్పు లేదు. రెంటికిని చోటు చూపిన ఈ బాలుడు పిమ్మట కోట్ల ఎకరముల లెక్కను కూడ ఇట్లే చేసెను.

పెరటి పనస పండినపుడు తల్లి తొలుత ఇరుగు పొరుగులకు పంపి, మిగిలినది బిడ్డలకు పెట్టెడిది. ఇచ్చువాడు దేవుడు, దాచువాడు రాక్షసుడని ఆమె నేర్పిన పాఠము. గట్టి దేహము గల బిచ్చగానికి ఏల పెట్టితివని కుమారుడొకనాడు తర్కింపగా, అర్హుల నెంచుటకు మనమెవరమని ఆమె యడిగెను. ఆ ప్రశ్నకు తన తర్కములో జవాబు దొరకలేదని వినోబా ముదిమి వఱకు చెప్పుకొనెను. గీతకు సులభమైన మరాఠీ పద్యరూపము కావలెనని కోరి, నీవే ఏల వ్రాయరాదని ఆయనను ప్రేరేపించినదియు ఆమెయే. ఆమె 1918లో మరణించెను. దాదాపు పండ్రెండేండ్లకు గాని ఆ కోరిక గీతాయి యను గ్రంథరూపము దాల్చలేదు.

ధ్రువపత్రముల దహనము

బరోడాలో చదువుచున్న దినములలో ఒకనాడు ఆయన తల్లి వంట చేయు పొయ్యి యొద్ద కూర్చుండి, తన పరీక్షల ధ్రువపత్రములను ఒక్కొక్కటిగా నిప్పులో వేసెను. ముందుముందు పనికివచ్చునని తల్లి వారించినను ఆగలేదు. 1916 మార్చిలో ఇంటర్మీడియేటు పరీక్షకై బొంబాయి రైలెక్కి, సూరతులో దిగి, కాశీకి పోయెను.

ఈ కథను విద్యార్థులకు చెప్పునపుడు ఒక జాగ్రత్త యవసరము. ఆయన కాల్చినది పత్రములను, చదువును కాదు. కాశీలో సంస్కృత గ్రంథములతో కాలము గడపెను. మఱుసటి సంవత్సరము ఆరోగ్యము కొఱకును వేదాంతాధ్యయనము కొఱకును ఆశ్రమము నుండి సెలవు పుచ్చుకొని, వాయీ పట్టణమున పండితుల యొద్ద ఉపనిషత్తులు, బ్రహ్మసూత్ర భాష్యము చదివెను. సరిగా సంవత్సరము నిండిన దినముననే తిరిగి వచ్చెను. చదువు మానుటకు సాకు వెదకువానికి ఆయన జీవితము తోడ్పడదు. చదువును ఉద్యోగపు మెట్టుగా మాత్రమే చూచువానికి అది గట్టి చెంపపెట్టు.

కాశీలో నుండగా, హిందూ విశ్వవిద్యాలయ సభలో గాంధీజీ చేసిన ప్రసంగమును పత్రికలో చదివెను. సంస్థానాధీశుల యెదుటనే వారి ఆభరణములను గూర్చి యొక మనుష్యుడు నిర్భయముగా మాటలాడుట ఆయన నాకర్షించెను. ఉత్తరములు నడచినవి. 1916 జూన్ 7వ తేదీన అహమ్మదాబాదు దగ్గఱి కొచరబు ఆశ్రమమున గాంధీజీని కలిసికొనెను. ఆ సమయమున గాంధీజీ వంటయింట కూరగాయలు తఱుగుచుండెను. వచ్చినవాని చేతికిని ఒక కత్తి యిచ్చెను. హిమాలయ శాంతియు, వంగదేశపు విప్లవమును రెండును తన్ను లాగుచున్నట్లు తలచిన యువకునకు, ఆ రెండును ఒక కూరగాయల బల్ల యొద్ద కలిసికొన్నట్లు తోచెను.

ఆశ్రమము, చెరసాల, పాఱ

1921లో గాంధీజీ ఆయనను వార్ధా ఆశ్రమ నిర్వహణకు పంపెను. అప్పటి నుండి ముప్పది సంవత్సరములు ఆయన జీవితము బాహ్య ప్రపంచమునకు చాలవఱకు కనబడలేదు. వడకుట, నేయుట, పిల్లలకు చదువు చెప్పుట, పొలము త్రవ్వుట ఆయన నిత్యకృత్యములు. నూలు వడకు కూలివానికి వచ్చు కూలి యెంతయో తెలిసికొనుటకై తానును ఆ కూలితోనే జీవింప ప్రయత్నించెను. 1946 తరువాత పౌనారు సమీపమున నున్న సుర్గాఁవ్ గ్రామమునకు భుజమున పాఱ వేసికొని నిత్యము పోయి, వీథులలోని మలము నెత్తి శుభ్రము చేసెను. వేదాంతము చెప్పినవారు మన దేశమున తక్కువ వారు కారు. వేదాంతము చదివి పాకీపని చేసినవారు అరుదు.

స్వాతంత్ర్య పోరాటమున పలుమాఱులు చెరసాలకు పోయెను. 1932లో ధూలియా కారాగృహమున ఫిబ్రవరి నుండి జూన్ వఱకు ప్రతి ఆదివారము గీతలో నొక అధ్యాయమును గూర్చి తోటి ఖైదీలకు బోధించెను. వినువారిలో చదువుకొన్నవారును, చదువులేనివారును కలరు. సానే గురూజీ ఆ ప్రసంగములను వ్రాసికొనుటచే గీతా ప్రవచనముల గ్రంథము మనకు దక్కినది. అది తెలుగుతో సహా పెక్కు భాషలలోనికి వచ్చెను. పండితుల వ్యాఖ్యలకు భిన్నముగా, పొలము, మగ్గము, వంటయిల్లు అను ఉదాహరణములతో సాగుటయే దాని వ్యాప్తికి కారణము.

1940 అక్టోబరు 17వ తేదీన వ్యక్తి సత్యాగ్రహమును ప్రారంభించుటకు గాంధీజీ తొలి సత్యాగ్రహిగా వినోబాను ఎన్నుకొనెను. రెండవవాడు జవహర్‌లాల్ నెహ్రూ. దేశమున పలువురు ఈ మొదటివాడెవ్వడని యడిగిరి. గాంధీజీ వ్యాసము వ్రాసి పరిచయము చేయవలసి వచ్చెను. 1942 ఉద్యమములో అరెస్టయి వేలూరు చెరసాలలో నుండగా, దక్షిణ దేశపు నాలుగు భాషలను ఒక్కమాఱే నేర్చుకొన మొదలిడెను. అట్లు తెలుగు లిపి ఆయనకు పరిచితమయ్యెను. ఏ సీమకు పోవుటకును ముందు ఆ సీమ భాషను నేర్చుట ఆయన యలవాటు. తెలంగాణమునకు వచ్చుటకు ఎనిమిది తొమ్మిదేండ్లకు ముందే, తాను వత్తునని యెఱుగకయే, ఆయన యందుకు సిద్ధపడెను.

నల్లగొండ నాటి స్థితి

వినోబా వచ్చిన నాటికి నల్లగొండ జిల్లా దేశమునకంతకు ప్రశ్నయై యుండెను. నైజాము పాలనలో ఇచ్చటి భూమి దేశ్‌ముఖుల చేతులలో పేరుకొనెను. పటేలు పట్వారీల వ్రాతలో పేరు లేనివానికి దున్నిన భూమిపై హక్కు లేదు. వెట్టి చాకిరి కులవృత్తుల వారి నందఱిని పీడించెను. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ ఈ జనుల గొంతుకయ్యెను. 1946 జూలై 4వ తేదీన, నాడు ఈ జిల్లాలోనే యుండిన జనగామ తాలూకా కడివెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు బలి కాగా, రైతుల పోరాటము సాయుధ రూపము దాల్చెను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో సంస్థానము భారతదేశమున కలిసినను భూమి సమస్య కలియలేదు. పోరాటము సాగెను. సైన్యము వచ్చెను. ఇరువైపుల ప్రాణములు పోయినవి. ఈ ప్రాంతమున ఆ కాలపు కథలు లేని యూరు అరుదు.

ఇట్టి సమయమున హైదరాబాదు సమీపమున శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ఏర్పాటయ్యెను. వినోబా అప్పుడు పౌనారులో ఎద్దులు లేక, ధనము లేక, కేవలము మనుష్య శ్రమచే పంట పండించు ప్రయోగమున మునిగి యుండెను. సమ్మేళనమునకు రాక తప్పదని మిత్రులు నిర్బంధింపగా, నడచి వత్తునని చెప్పెను. 1951 మార్చి 8న బయలుదేరి, సుమారు 300 మైళ్లు నడచి, ఏప్రిలు తొలివారమున చేరెను. సమ్మేళనము ముగిసిన పిమ్మట తిరుగు ప్రయాణము తెలంగాణము గుండ సాగింప నిశ్చయించుకొనెను. శ్రీరామనవమి నాడు హైదరాబాదు చెరసాలలోని కమ్యూనిస్టు ఖైదీలను కలిసికొని మాటలాడి, యాత్ర ప్రారంభించెను. ఎదిరి పక్షము వారి మాట మొదట వినుట ఆయన పద్ధతి.

పోచంపల్లి

ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లి చేరెను. ఆ యూరు నేత పనికి పేరు పొందినది. అచ్చటి చేనేత చీరలు నేడు దేశదేశములకు పోవుచున్నవి. వినోబా మొదట పోయినది ఊరి వెలుపలి గూడెమునకు. హరిజనులని నాడు పిలువబడిన 40 దళిత కుటుంబముల వారు ఆయన చుట్టును చేరిరి. మీకేమి కావలెనని అడిగెను. భూమి కావలెననిరి. ఎంత యని యడిగెను. వారు తమలో తాము ఆలోచించుకొని, 40 ఎకరముల తరి, 40 ఎకరముల మెట్ట, మొత్తము 80 ఎకరములు చాలుననిరి.

ఆ భూమి యెచ్చటి నుండి రావలెను? ప్రభుత్వమునకు విన్నపము వ్రాయుదమని వినోబాకు తొలుత తోచెను. కాని కాగితము కదలుటకు ఎన్ని నెలలు పట్టునో అందఱకును తెలియును. అప్పు డాయన ఊరివారితో నిండిన సభను చూచి, ఈ అక్కఱ తీర్చగలవారు మీలో నెవ్వరైన గలరా యని యడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి, తన పక్షమునను తన సోదరుల పక్షమునను 100 ఎకరములిచ్చెదనని చెప్పెను.

ఒక్కక్షణము ఆలోచింపుడు. అదే నేలపై గుంట భూమికి తలలు పగులుచున్న కాలమది. అచ్చటనే అడిగినంత మాత్రమున నూరెకరములు వచ్చెను. ఆ రాత్రి వినోబాకు నిద్ర పట్టలేదు. ఒక వైపు తల్లి, ఒక వైపు తండ్రి ఆయన మనస్సులో మేలుకొనిరి. ఇది దైవసంకేతమని భక్తి చెప్పెను. దేశములోని భూమిహీనుల కెల్ల సరిపోవుటకు అయిదు కోట్ల ఎకరములు కావలెనని గణితము చెప్పెను. అంత భూమి అడుగుట సాధ్యమా యను సందేహము నిలిచెను. అడుగకున్నచో ఇంకొక దారి యేదియును అహింసలో కానరాలేదు. మఱుసటి దినము నుండి అడుగ నారంభించెను.

తెలంగాణములో 51 దినములు నడచెను. సుమారు 12 వేల ఎకరములు లభించినవి. ఆ సంవత్సరము అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటమును విరమించెను. దానికి భూదానమే కారణమనుట చరిత్రకు న్యాయము కాదు. పెక్కు కారణములు గలవు. ఐనను భూమి సమస్యకు తుపాకి యొకటియే పరిష్కారము కాదను ఆశ దేశమునకు కలిగినది ఈ నేలపైననే.

పదుమూడేండ్ల నడక

నెహ్రూ ఆహ్వానముపై ఆ సంవత్సరమే ఢిల్లీకి పోవలసి వచ్చినపుడును ఆయన విమాన మెక్కలేదు, నడచియే పోయెను. అటనుండి ఉత్తర ప్రదేశము, బీహారు, వంగము, ఒడిశా, ఆంధ్రము, తమిళనాడు, కేరళము, కర్ణాటకము, మహారాష్ట్రము, గుజరాతు, కాశ్మీరము, అస్సాము నడచెను. ఒక్క బీహారులోనే 20 లక్షల ఎకరములకు పైగా వాగ్దానములు వచ్చినవి. అయిదుగురు కుమారులున్న యింట తన్ను ఆఱవవానిగా నెంచి ఆఱవ పాలు పెట్టుడని ఆయన అడిగెడివాడు. ఈ మాటలో ఎంత నేర్పున్నదో చూడుడు. బిచ్చగానిగా అడిగినచో ఇచ్చువాడు గర్వించును. శత్రువుగా అడిగినచో ఇచ్చువాడు ద్వేషించును. కొడుకుగా అడిగినచో అది దానము కాదు, వంతు. దాన మను శబ్దమునకు సమముగా పంచుట యను అర్థము శంకరాచార్యులు చెప్పియున్నాడని వినోబా పలుమాఱులు గుర్తుచేసెను.

1952లో మంగరోఠ్ గ్రామము తన భూమి నంతయు సమష్టికి ఒప్పగింపగా గ్రామదానము పుట్టెను. 1953లో దేవఘర్ ఆలయమున దళితులతో కూడ ప్రవేశింపబోగా పండాలు ఆయనను కొట్టిరి. చెవికి దెబ్బ తగిలెను. కొట్టినవారిపై చర్య తీసికొనవలదని కోరెను. 1958లో రామన్ మెగసేసే పురస్కారము లభించెను. 1960లో చంబల్ లోయలో సుమారు 20 మంది బందిపోట్లు ఆయన యెదుట ఆయుధములు దించిరి. 1964లో పౌనారు చేరుటతో ఆ మహాయాత్ర ముగిసెను. ఈ నడుమ ఖురానునకు, ధమ్మపదమునకు సార సంగ్రహములను కూర్చెను. మతములు కలిసి బ్రదుకుటకు ముందు ఒకరి గ్రంథము నొకరు చదువవలెనని ఆయన యభిప్రాయము.

1982 నవంబరు 15వ తేదీన పౌనారులో, ఆహారమును మందును విడిచి, దేహము చాలించెను. మఱుసటి సంవత్సరము ప్రభుత్వము భారతరత్న బిరుదమును మరణానంతరము ప్రకటించెను.

లోపములు

మహనీయుల లోపములు దాచుట వారికి గౌరవము కాదు. అయిదు కోట్ల ఎకరములు అడుగగా దేశమంతట సుమారు 42 లక్షల ఎకరములు వచ్చెను. అందులోను పెద్ద భాగము పంపిణీకి నోచుకొనలేదు. కొంత రాతినేల, కొంత వ్యాజ్యములలో నున్నది, కొంత మాటగానే మిగిలినది. దాతలలో కొందఱు పేరు కొఱకును, కొందఱు భయము చేతను, కొందఱు చట్టము రానున్నదనియు ఇచ్చిరి. పట్టా పొందిన పేదకు ఎద్దులేవి, విత్తనమేది, నీరేది యని చూచినవారు తక్కువ. 1965లో మన రాష్ట్రమున భూదాన గ్రామదాన చట్టము వచ్చినను, హైదరాబాదు నగరము పెరిగి భూముల వెల ఆకాశము నంటిన తరువాత, దానభూములు కొన్ని అన్యాక్రాంతమై న్యాయస్థానముల కెక్కినవి. కమ్యూనిస్టులు మొదటి నుండి చెప్పిన విమర్శ యొకటి కలదు. పోరాడి పొందవలసిన హక్కును దానముగా పొందుట పేదను తిరిగి చేయి చాచువానిగనే నిలుపునని వారి వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1973 నాటి భూ గరిష్ఠ పరిమితి చట్టము వంటివి రావలసి వచ్చుటయే దానము చాలలేదనుటకు సాక్ష్యము.

1975లో అత్యవసర పరిస్థితి వచ్చినపుడు వినోబా మౌనవ్రతమున నుండెను. ఆయన వ్రాసి చూపిన అనుశాసన పర్వ మను మాటను పాలకులు తమకు సమర్థనగా ప్రచారము చేసికొనిరి. ఆయన ఉద్దేశము వేఱని పిమ్మట వివరణలు వచ్చినను, చెరసాలలలో నున్న సర్వోదయ కార్యకర్తల మనస్సు నొచ్చెను. భూదానమునకు జీవితము ధారవోసిన జయప్రకాశ్ నారాయణునకును ఆయనకును దారులు వేఱైనవి.

ఇన్ని లోపములున్నను, ప్రపంచమున యుద్ధము లేక, చట్టము లేక, మాట యొక్కటిచే ఇంత భూమి చేతులు మాఱిన ఉదాహరణము దొరకుట కష్టము. చట్టము మనుష్యుని చేతిని కట్టును, మనస్సును మార్చదు. మనస్సు మాఱనిచోట చట్టమునకు బినామీ పేరుతో కన్నము పడును. గరిష్ఠ పరిమితి చట్టములకు దేశమున పట్టిన గతి ఇదియే. దానము చట్టము లేక నిలువలేదు. చట్టము మనఃపరివర్తన లేక పండలేదు. ఈ రెండు అనుభవములను కలిపి చదువుటయే మన పని.

నేటికి పనికివచ్చునది

వినోబా బోధలో మూలసూత్ర మొక్కటి. గాలి, నీరు, వెలుతురు వలె భూమియు ఎవ్వరును సృజించినది కాదు. కావున దానికి యజమానులు లేరు, సేవకులే కలరు. ఈశావాస్యోపనిషత్తు తొలిమంత్రపు భావమునే ఆయన పొలము గట్టుమీదికి తెచ్చెను.

ఈ సూత్రమును నేడు మన ప్రాంతమున నీటికి అన్వయించి చూడుడు. భువనగిరి, మోత్కూరు, నల్లగొండ మెట్టలలో బోరుబావులే సేద్యమునకు చాలకాలము ఆధారమైనవి. ఒకడు రెండువందల అడుగులు త్రవ్వగా, పొరుగువాడు నాలుగువందలు త్రవ్వెను. మొదటివాని బోరు ఎండెను. అప్పు మిగిలెను. ఒకని పట్టా పుస్తకములో భూమి హద్దులుండును గాని, నేల క్రింద పాఱు నీటికి హద్దులు లేవు. జలము, భూమి, చెట్ల రక్షణకై 2002లో చట్టము చేయబడినది. కాని క్రింది నీరు అందఱిదను భావము గ్రామములో నాటుకొననిచో ఆ చట్టమునకు ప్రాణము రాదు. చెఱువు పూడిక తీసి, వాననీటిని ఇంకించి, ఏ పంటకెంత నీరని ఊరు కూర్చుండి నిర్ణయించుకొనుటయే నేటి గ్రామదానము. నగరపు మురికిని మూసీలో వదలువాడు నదిని తన దొడ్డిగా తలచుచున్నాడు. దిగువ పొలముల వారు దాని ఫలము ననుభవించుచున్నారు. ఇవి అన్నియు యాజమాన్య మను మాటకు మనమిచ్చుకొన్న తప్పుడర్థపు ఫలములే.

రెండవది ఉపాధ్యాయులకు సంబంధించినది. 1968లో బీహారులో వినోబా ఆచార్యకుల మను సంస్థను స్థాపించెను. ఉపాధ్యాయులు పార్టీల పక్షములకు అతీతులుగా నుండవలెననియు, న్యాయస్థానమునకున్న స్వాతంత్ర్యము విద్యాశాఖకును ఉండవలెననియు ఆయన యభిప్రాయము. జీతమిచ్చినంత మాత్రమున ప్రభుత్వము ఉపాధ్యాయుని మనస్సునకు యజమాని కాదు. అదేవిధముగా ఉపాధ్యాయుడును స్వాతంత్ర్యము కోరుటకు ముందు నిత్యాధ్యయనము, నిష్పక్షత, విద్యార్థులపై వాత్సల్యము అను మూడింటిచే దానిని సంపాదించుకొనవలెను. బదిలీకై నాయకుని గుమ్మము నొద్ద నిలుచు ఉపాధ్యాయుడు, తరగతి గదిలో పౌరుల కర్తవ్యమును గూర్చి చెప్పు పాఠమునకు బలమెక్కడిది?

మూడవది విజ్ఞానమునకును ఆధ్యాత్మికతకును గల బంధుత్వము. ఆయన యంత్రద్వేషి కాడు. విజ్ఞానము మనుష్యునకు వేగమునిచ్చును, ఆత్మజ్ఞానము దిక్కు చూపును, రెంటిలో నొకటి లోపించినచో ప్రమాదమని ఆయన వాదించెను. అణ్వాయుధముల యుగములో చెప్పిన ఈ మాట, ప్రతి చేతిలోను ఫోను వెలుగుచున్న నేటి యుగమున మఱింత నిజమైనది. ఒక్క నిమిషములో ఒక వదంతి ఊరిని తగులబెట్టగలదు. వేగము పెరిగినది, దిక్కు చూపువారు కావలెను. విద్యార్థికి లెక్కలును ప్రార్థనయు రెండును కావలెననుటకు లక్ష బియ్యపు గింజల కథ చాలును.

ఎనుబది ఎకరములు

పోచంపల్లి కథలో సాధారణముగా మనము దాత పేరు చెప్పి ఆగుదుము. రామచంద్రారెడ్డి ఔదార్యము స్మరణీయమే. ఆయన పిమ్మట భూదాన కార్యమునకే అంకితమయ్యెను. ఆ యూరి పేరునకు ముందు భూదాన మను మాట నిలిచిపోయెను. కాని ఆ దినమున ఇంకొక సంగతి జరిగినది. నూరెకరములు వచ్చినవని తెలిసినపుడు ఆ నలుబది కుటుంబముల వారు, తమకు ఎనుబదియే కావలెననియు, మిక్కిలి పుచ్చుకొనమనియు చెప్పిరి. తరతరములుగా గుంట భూమి లేనివారు, ఇచ్చుటకు చేయి చాచిన వాని యెదుట నిలిచి, ఇరువది ఎకరములను వలదనిరి. వినోబాకు దాత మాట యెంత ఆశ్చర్యము కలిగించెనో, వారి మాటయు అంత ఆశ్చర్యము కలిగించెను.

ఆ కుటుంబముల వారిలో ఎవ్వరును ఉపనిషత్తు చదివినవారు కారు. తమ అక్కఱకు హద్దు తామే గీచుకొనుట వారికి తెలిసి యుండెను. తల్లి యొద్ద నేర్చినది, కాశీలో చదివినది, చెరసాలలో బోధించినది, ఆ గూడెములో ఆచార్యునకు మనుష్యరూపమున ఎదురయ్యెను. పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు దాత పేరుతో పాటు ఈ ఎనుబది ఎకరముల లెక్కను కూడ పిల్లలకు చెప్పుదురు గాక. ఎంత యున్నచో చాలునను ప్రశ్నకు మన పాఠ్యపుస్తకములలో జవాబు లేదు. ఆ జవాబు వెదకువారు మన జిల్లాను దాటి పోనక్కఱలేదు.